గుమ్మం దాకా

పాతపట్నంలో బస్సెక్కి చిల్లర సర్దుకునేలోపు రాష్ట్రం మారిపోతుంది. బోర్డుల మీద ఒడియా అక్షరాలు కనిపిస్తాయి గానీ, పర్లాకిమిడి టీ కొట్లో మాట మారదు, గ్లాసూ మారదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే, బతుకంతా అక్కడే గడిపిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా పిన్ని అత్తవారు వెళ్ళలేదు. అందుకే నాకు అక్కడ ఇంకా ఒక ఇల్లుంది.

ఇల్లుంది గానీ అరుగు లేదు. కాలవ పనుల్లో కొట్టేశారట. పిన్ని ఇప్పుడు కాలవ మీది సిమెంటు పలక మీదే ముగ్గు పెడుతోంది. "అరుగు మీద కూర్చున్నోడు ఇంట్లో ఉన్నట్టా, వీధిలో ఉన్నట్టా అని మీ చిన్నాన్న ఎప్పుడూ తేల్చుకోలేదురా. ఇప్పుడు తేలిపోయింది" అంది.

టెక్కలిలో డ్రాయింగు చెప్పుకునే నాకు ఈ లోపలా బయటా గొడవ కొంచెం ముదిరే ఉంది. 1993లో రేచల్ వైట్‌రీడ్ అనే ఆవిడ లండన్‌లో కూల్చేయబోతున్న ఒక ఇంటి లోపలంతా కాంక్రీటు పట్టించి, బయటి గోడలు ఊడదీసింది. గదుల్లోని ఖాళీ గట్టిపడి వీధిలో నిలబడింది. లోపల గోడలో గూడులా ఉండే పొయ్యి బయటికి దిమ్మలా పొడుచుకొచ్చింది. 1994 జనవరిలో దాన్నీ కూల్చేశారు. ఆ ఫొటో క్లాసులో చూపిస్తే వెనక బెంచీ కుర్రాడు "ఆళ్ళ ఇంటి లోపల మనకెందుకు సార్?" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఈ వేసవి సెలవుల్లో, మా వైపు కొండల్లో సవర గిరిజనులు ఇంటి లోపలి గోడ మీద వేసే బొమ్మలు చూద్దామని బయల్దేరాను.

మా బావ, అంటే పిన్ని కూతురి మొగుడు, కొండ ఊళ్ళ సంతల్లో చింతపండు, పసుపు కొంటాడు. సవర మాట్లాడతాడు. ఇద్దరం గుణుపురం రైలెక్కాం. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్న రైలు వచ్చింది. 1931కి గుణుపురం దాకా వెళ్ళింది. పెద్ద పట్టాలు పడింది మాత్రం 2011లో. బావకి చిన్న రైలే ఇష్టమట, దిగి నడుస్తూ మళ్ళీ ఎక్కేవాళ్ళట. నేను నమ్మలేదు.

గుణుపురంలో ఒక పొడవాటి ప్రహరీ. దాని మీద ఎర్ర రంగు పూసి తెల్లగా బొమ్మలు వేస్తున్నాడు ఒక సవర కుర్రాడు. చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు, చెట్టు, కోతి, గుర్రం మీద దొర. డబ్బాలో ప్లాస్టిక్ రంగు, చేతిలో మూడో నెంబరు బ్రష్. కాసేపు నిలబడి చూస్తే ఒకటి అర్థం కాలేదు. సవర బొమ్మకి ముందు చుట్టూ హద్దు గీస్తారు, ఆ తర్వాత లోపలికి మనుషుల్ని నింపుకుంటూ వస్తారు. మహారాష్ట్ర గిరిజనుల వర్లీ బొమ్మకీ దీనికీ తేడా అడిగితే పిల్లలకి నేను మొట్టమొదట చెప్పేది అదే. ఇతను హద్దు జోలికే పోవడం లేదు. అడిగాను.

"గీత కంట్రాక్టరు కొట్టించేశాడు సార్. తాడుతో, సుద్దతో. ఇన్ని అడుగులకి ఇంత అని."

చూస్తే నిజమే. ఆరేసి అడుగులకి ఒక చతురస్రం, వరసగా. దాని లోపల వేసుకోమన్నారు. రోజు కూలి వస్తోంది, అదే ఎండలో మట్టి మోసే పని కంటే ఇది నయం అన్నాడు. కాదని నేనేం చెబుతాను? కానీ ఆ సుద్ద గీత నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

ఎందుకంటే ఆ హద్దు అలంకారం కాదు, అది ఇల్లు. సవరలు దీన్ని ఇడితాల్ అంటారు. ఇంట్లో జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా, చనిపోయినవాళ్ళు కలలోకి వచ్చి అడిగినా, లోపలి గోడ మీద ఎర్రమట్టి అలికి, నూరిన బియ్యప్పిండిలో చీల్చిన పుల్ల ముంచి వేస్తారు. ఆ చతురం లోపల సోనుం, అంటే ఆత్మ, దిగుతుంది. దాని ముందు చిన్న కుండలు, సొరబుర్రలు వేలాడదీస్తారు. వెరియర్ ఎల్విన్ అనే మానవశాస్త్రవేత్త 1955లో సవరల మీద అచ్చేసిన పుస్తకంలో ఇవన్నీ రాశాడు. ఆనాటికే గోడల మీద రైళ్ళు, విమానాలు దిగిపోయాయట. ఉన్న ఒక్క గదిలోనే, పొయ్యికి ఎదురుగా, చచ్చిపోయిన తాతకి ఒక వాటా అన్నమాట. మైకేల్ రాకోవిట్జ్ అనే కళాకారుడు 1998లో అమెరికాలో ఇల్లు లేనివాళ్ళకి ప్లాస్టిక్ సంచుల గుడారాలు కుట్టి ఇచ్చాడు. పెద్ద భవనం బయటికి వదిలే వెచ్చగాలి గొట్టానికి తగిలిస్తే అవి ఉబ్బుతాయి, లోపల మనిషి పడుకుంటాడు. ఒకరి గోడకి ఇంకొకరి బస. రాకోవిట్జ్ గుడారం గోడకి బయట, సవర తాత గోడకి లోపల.

మర్నాడు పుట్టసింగి దాటి కొండ ఎక్కాం. అద్దె మోటార్ సైకిల్ రెండుసార్లు ఆగిపోయింది, ఆ సంగతి వదిలేద్దాం. ఊరు అంటే రెండు వరసల ఇళ్ళు, ఎదురెదురుగా. పక్కింటికీ ఈ ఇంటికీ ఒకటే గోడ. ఎత్తు పిల్లతిన్నె, దాని మీదికి నడుం దాకా వంగిన చూరు. వంగకుండా ఎవరూ లోపలికి పోలేరు. ఊళ్ళో చాలామంది క్రైస్తవంలో కలిశారు, వాళ్ళ గోడలు ఖాళీ. బొమ్మ ఉన్న ఇల్లు ఒకటి ఉందని బావ తీసుకెళ్ళాడు.

ముసలమ్మ తిన్నె మీద కూర్చుని చింతగింజలు తీస్తోంది. మాకు చెంబుతో నీళ్ళిచ్చింది. బావ ఆవిడతో ధర మాట్లాడుతూ ఉన్నాడు. తలుపు ఓరగా ఉంది. లోపల చీకట్లో, ఎర్ర గోడ మీద, తెల్లగా ఏదో. నా చెయ్యి నా మాట వినలేదు. ఫోను తీసి ఎత్తేశాను. అదే క్షణంలో ఆవిడ కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి తలుపు లాగేసింది.

"ఏటి మాస్టారూ, నువ్వు పిల్లలకి చెప్పేదిదేనేటి?" అన్నాడు బావ. చెవులు వేడెక్కాయి. ప్రహరీ మీది బొమ్మల్ని రోడ్డు పక్కన ఎంతసేపైనా చూడనిచ్చారు కదా అని, ఇక్కడా అంతేననుకున్నానో ఏమో.

ముసలమ్మ బావతో ఏదో అంది. తీసింది చూపించమంటోందట. ఇచ్చాను. చింతగింజల జిగురు వేళ్ళతో ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుంది. ఫొటోలో ముప్పాతిక వంతు తలుపు చెక్క, చెక్కని పట్టుకున్న ఆవిడ వేళ్ళు నాలుగు, సందులో జానెడు ఎర్ర గోడ, ఆ జానెడులో నిలువుగా ఒక తెల్ల గీత. హద్దు గీతే అయ్యుండాలి. ఆవిడ తన వేళ్ళు తనే చూసుకుని, పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది.

"ఏమంటోంది?"

"తలుపు బయటే ఉంది కదా, అది ఉంచుకోమంటోంది."

చింతపండు ధర మాత్రం కుదర్లేదు. ఖాళీ గోతాలతోనే కొండ దిగాం.