బబెట్ వడ్డించిన 85వ కీర్తన

“కృపాసత్యములు కలిసికొనినవి, నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనినవి.”

85వ కీర్తన, పదో వచనం. ఒకసారి ప్రార్థన కూటంలో దీనిమీద మాట్లాడాను కూడా. కృప అంటే ఇదీ, సత్యం అంటే ఇదీ అని విడమరిచి చెప్పానేగానీ, ఆ రెండూ కలుసుకుంటే చూడ్డానికి ఎలా ఉంటుందో నాకే తెలియదు. తెలిసింది ఒక డెన్మార్క్ సినిమాలో. ఒక ముసలి జనరల్ భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడి, చేతిలో గ్లాసుతో ఈ వచనమే చెబుతాడు.

సినిమా పేరు ‘బబెట్స్ ఫీస్ట్’. కరెన్ బ్లిక్సెన్ రాసిన కథని 1987లో గాబ్రియెల్ యాక్సెల్ తీశాడు. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. సినిమా అనగానే మొహం చిట్లించే సంఘపెద్దలకి కూడా ధైర్యంగా చూపించవచ్చు. ఫైట్లు లేవు, పాటలున్నా చాలావరకు కీర్తనలే.

కథ జరిగేది పంతొమ్మిదో శతాబ్దంలో, డెన్మార్క్‌లోని జట్లాండ్ సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. అక్కడ ఒక పాస్టరుగారు, ఆయన చుట్టూ చిన్న భక్తుల గుంపు. ఇద్దరు కూతుళ్లకి మార్టీన్, ఫిలిప్పా అని పేర్లు పెట్టాడు. ప్రొటెస్టెంట్ సంస్కరణని నడిపిన మార్టిన్ లూథర్, ఆయన తోడు ఫిలిప్ మెలాంక్తన్ మీద గౌరవంతో. (1842లో లూథరన్ మిషనరీ హెయర్ దొర అడుగుపెట్టిన గుంటూరు వైపు లూథరన్ ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇలాంటి పేర్లేం వింత కాదు.) ఆ అక్కచెల్లెళ్లని ప్రేమించినవాళ్లు లేకపోలేదు. ఒకరు లోరెన్స్ అనే కుర్ర సైనికాధికారి, ఇంకొకరు పారిస్ నుంచి వచ్చిన గాయకుడు. ఇద్దరూ వట్టి చేతులతోనే వెనక్కి వెళ్లారు. తండ్రి పోయాక ఆ అక్కచెల్లెళ్లిద్దరూ పెళ్లి మాట లేకుండా సంఘాన్ని, ఊళ్లోని బీదవాళ్లని చూసుకుంటూ ముసలివాళ్లయిపోయారు.

1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు అల్లర్లలో భర్తనీ కొడుకునీ పోగొట్టుకున్న బబెట్ అనే ఆవిడ, ఒక వానరాత్రి ఆ గాయకుడి ఉత్తరం పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడుతుంది. జీతం అక్కర్లేదు, ఉండనిస్తే చాలు అంటుంది. ఆవిడకి వాళ్లు నేర్పిన వంట రెండు రకాలు: ఎండు చేప ఉడకబెట్టడం, ఎండిపోయిన రొట్టెని నానబెట్టి బీరు పోసి గోధుమరంగు జావలా కాచడం. తిండి అనేది ఒంట్లో ప్రాణం నిలవడానికే తప్ప రుచి చూడ్డానికి కాదని వాళ్ల నమ్మకం. పారిస్‌లో తను ఎవరో బబెట్ చెప్పదు. పద్నాలుగేళ్లు ఆ జావే కాస్తుంది.

తర్వాత లాటరీలో పదివేల ఫ్రాంకులు తగులుతాయి. పోయిన పాస్టరుగారి నూరో పుట్టినరోజుకి ఒక్క పూట ఫ్రెంచి భోజనం వండనివ్వమని అడుగుతుంది. సామాను ఓడలో వస్తుంది: మంచుదిమ్మలు, సీసాలు, బోనుల్లో కౌజుపిట్టలు, బతికున్న పెద్ద తాబేలు. ఆ తాబేలుని చూసిన మార్టీన్‌కి రాత్రి పీడకల వస్తుంది. ఇదేదో సాతాను విందు అని భయపడి సంఘస్థులకి చెబుతుంది. అందరూ కలిసి ఒక తీర్మానం చేసుకుంటారు: మర్యాద కోసం తిందాం, కానీ నాలుకకి రుచే తెలియనట్టు ఉందాం, తిండి గురించి ఒక్క మాట మాట్లాడొద్దు.

మాటవరసకి చెప్పడం కాదు, అచ్చం మన సంఘమే. ఆ పాస్టరుగారు పోయాక ఈ భక్తులంతా ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉన్నారు. ఎప్పుడో జరిగిన కలప బేరంలో మోసం, వయసులో చేసిన తప్పు, ఒకరిమీద ఒకరు వేసిన నిందలు. కీర్తన పాడుతూనే ఓరగా చూసుకుంటారు.

విందు రోజున బల్ల దగ్గర పన్నెండుమంది. వాళ్లలో ఒకడు ఇప్పుడు జనరల్ అయిన ఆ లోరెన్స్. ఒప్పందం సంగతి ఆయనకి తెలియదు. మొదటి గ్లాసు నోట పెట్టగానే ఉలిక్కిపడి చుట్టూ చూస్తాడు. ఇంత గొప్ప ద్రాక్షారసం ఇక్కడెలా? ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఎదురుచూస్తాడు. పక్కనున్నవాళ్లు వాతావరణం గురించి మాట్లాడతారు. షాంపేన్ తాగిన ఒకావిడ ఇదేదో నిమ్మరసం అనుకుంటుంది. జనరల్ స్పూన్‌తో సాస్ తాగుతుంటే, మిగతావాళ్లు ఆయన్నే చూస్తూ నెమ్మదిగా తమ స్పూన్లు తీస్తారు. నోటితో ఏమీ అనరు. మొహాలు మాత్రం మెత్తబడుతూ వస్తాయి. కలప బేరంలో మోసం చేసిన ముసలాయన, మోసపోయినాయన ఆ మాట నవ్వుతూ ఎత్తుకుంటారు.

జనరల్ లేచి ఆ వచనం చెప్పేది ఇక్కడే. కుర్రతనంలో ఇదే ఇంట్లో పాస్టరుగారి నోట విన్న వచనం అది. ఏది ఎంచుకోవాలో, ఏది వదులుకోవాలో అని మనం వణికిపోతాం, కానీ కృపకి షరతుల్లేవు, మనం కోరుకున్నదీ దొరుకుతుంది, కాదన్నదీ దొరుకుతుంది అంటాడు. తను ప్రేమించి వదిలేసి వెళ్లిన మార్టీన్ ఆ బల్ల దగ్గరే ఉంది.

నాకు మా అమ్మమ్మగారి ఊరి మందిరం గుర్తొచ్చింది. నెలకి మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. రొట్టె పళ్లెం మీద తెల్లగుడ్డ తీయబోయే ముందు, అయోగ్యంగా తీసుకోవద్దు, ఎవరితోనైనా గొడవలుంటే ఆలోచించుకోండి అని హెచ్చరిక. అప్పుడు ఒకావిడ కొంగు సర్దుకుని చాప మీద నుంచి లేచేది. పక్కింటివాళ్లతో ప్రహరీగోడ తగాదా. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకునే చప్పుడు లోపలికి వినపడేది. ప్రతి నెలా అంతే. గోడ తెగలేదు, ఆవిడ బల్లకి రాలేదు.

నీ అర్పణ బలిపీఠం దగ్గర విడిచి ముందు సహోదరుడితో సమాధానపడు అని ప్రభువు అన్నమాట నిజమే. దాన్ని నేను తేలిక చేయను. కానీ అక్కడ మనం ఇచ్చేది ఉంది. బల్ల దగ్గర మనం ఇచ్చేదేముంది, పుచ్చుకోవడం తప్ప? పౌలు కూడా కొరింథీయులకి ఏమన్నాడో నింపాదిగా చదవాలి: “ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను.” పరీక్షించుకుని బయటికి వెళ్లమనలేదు, తినమన్నాడు. అక్కడ ఆయన తిట్టింది కూడా బీదవాళ్లు ఆకలితో చూస్తుండగా తమ భోజనం తాము కానిచ్చేసిన వాళ్లని. లూకా సువార్త ప్రకారం ప్రభువు శిష్యులతో చివరి భోజనం చేసిన రాత్రి, రొట్టె విరిచాక కూడా శిష్యులు మాలో ఎవడు గొప్ప అని వాదించుకున్నారు. ఆయన్ని అప్పగించబోయే యూదా చెయ్యి కూడా ఆ బల్ల మీదే ఉంది.

సినిమాలో వాళ్లు సమాధానపడి వచ్చి తినలేదు. తిన్నారు, తింటూ ఉండగా సమాధానపడ్డారు. మన తెలుగు బైబిల్‌లో ‘సమాధానం’ అంటే శాంతి, బయట మాటల్లో జవాబు. ఈ దృశ్యం చూస్తుంటే రెండూ ఒకటే అనిపిస్తుంది.

బబెట్‌ని క్రీస్తుకి పోలిక అని తేల్చేసేవాళ్లున్నారు. నాకు అంత తొందర లేదు. ఇదంతా అక్కచెల్లెళ్ల కోసమే కాదని ఆవిడే ఒప్పుకుంటుంది. ఆవిడ కళాకారిణి, ఒక్కసారి తన చేతనైనంతా చేసి చూపించాలన్న ఆకలి ఆవిడది. అయినా ఆ చివరి సన్నివేశంలో రెండో కొరింథీయుల మాట చెవిలో మోగకుండా ఉండదు: “ఆయన ధనవంతుడై యుండియు మీరు తన దారిద్ర్యమువలన ధనవంతులు కావలెనని, మీ నిమిత్తము దరిద్రుడాయెను.” డబ్బుంది కదా, ఇక పారిస్ వెళ్లిపోతావేమో అని అక్కచెల్లెళ్లు దిగులుగా అడుగుతారు. డబ్బు లేదంటుంది. ఒకప్పుడు పారిస్‌లోని కాఫే ఆంగ్లే అనే పేరున్న హోటల్లో తనే ప్రధాన వంటమనిషినని, అక్కడ పన్నెండుమంది భోజనం ఖరీదు పదివేల ఫ్రాంకులని అప్పుడు చెబుతుంది.

అంతకుముందే అతిథులు బయటికొచ్చి, చుక్కల కింద బావి చుట్టూ చేతులు పట్టుకుని పాడుకుంటూ తిరిగారు. ఏడాది పొడుగునా దెప్పుకున్న చేతులే అవి. ఆ విందు వెల ఎంతో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. వంట ఎవరిదో కూడా సరిగా తెలియదు. లోపల వంటగదిలో, కడగాల్సిన గిన్నెల మధ్య, బబెట్ అలసిపోయి కూర్చుని ఉంది.