తులం తూటా

కుడిచేతి మధ్యవేలి కణుపు రేగుపండులా ఉబ్బి ఉంది కాబట్టి ఈ టపా చాలా నెమ్మదిగా టైపు చేస్తున్నాను. రాత్రి ఎడమచేత్తో పప్పన్నం కలుపుకోబోతుంటే శ్రీమతి ఏమీ అనకుండా ఒక చెంచా తెచ్చి కంచం పక్కన పెట్టింది. ఆమె ఏమీ అనలేదంటే దాని అర్థం ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు.

దెబ్బ తగిలింది నా సూపర్ బ్లాక్‌హాక్ రివాల్వర్ వల్లనే. పాత నమూనా కావడంతో దాని ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు వలయం) వెనకభాగం గుండ్రంగా కాక పలకగా ఉంటుంది. 44 మాగ్నం తూటా పేలి రివాల్వర్ వెనక్కి తన్నిన ప్రతిసారీ ఆ పలక అంచు సరిగ్గా ఈ కణుపునే వెతుక్కుంటూ వస్తుంది. 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువుకు కొలత) తూటాలతో ఇన్నాళ్లూ భరించాను. ఈ ఉదయం రేంజిలో 300 గ్రెయిన్ల హార్డ్ కాస్ట్ (గట్టి సీసపు) తూటాలు రెండు డజన్లు పేల్చేసరికి వేలు ఈ స్థితికి వచ్చింది. ఇక్కడ అమెరికాలో, మా వర్జీనియా రాష్ట్రంలో, ఎలుగు వేట సీజను దగ్గర పడుతున్నది. ఈసారి బరువైన సీసపు తూటాయే వాడాలని, అది ఒక పక్క నుంచి దూరి రెండో పక్క నుంచి బయటకు రావాలని నెల రోజులుగా పట్టుబట్టి ఉన్నాను.

నిజానికి నన్ను ఇప్పుడు కూర్చోబెట్టినది వేలి నొప్పి కాదు, రేంజి నుంచి వస్తూ ఆగిన దుకాణంలోని కుర్రవాడు. 240 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తని సీసం ఉన్నవి) ఒక పెట్టె కూడా ఇమ్మని అడిగాను. అతను ముందు నా ముఖం చూసి, ఇంటి భద్రత కోసమా అని అడిగాడు. ఎలుగు వేటకు అన్నాను. అయితే ఇవి చాలు అంటూ 180 గ్రెయిన్ల హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్నవి) పెట్టెను కౌంటరు మీద నా వైపు జరిపాడు. వర్జీనియా వేట నియమం చేతితుపాకి తూటాకు 350 అడుగు-పౌండ్ల శక్తి ఉంటే చాలంటుందని, ఇది దానికి రెట్టింపు దాటుతుందని, నల్ల ఎలుగు అంటే కాస్త పెద్ద కుక్క వంటిదేనని, తేలిక తూటా అయితే నా చేతికి కూడా సుఖంగా ఉంటుందని, బడిపిల్లవాడికి ఎక్కం ఒప్పజెప్పించే స్వరంతో వివరించాడు. నా వెనక నిలబడిన గడ్డం మనిషిని మాత్రం అతను ఏ ప్రశ్నా అడగలేదు, కావలసిన పెట్టె తీసి చేతిలో పెట్టాడు. ఆ 180 పెట్టెను నేను వేలితో వెనక్కి నెట్టాను. ఆ వేలు ఇదే, అందుకు ఇంకా నొప్పి పుట్టింది.

ఆ అంకె అంటేనే నాకు పడదు. 180 గ్రెయిన్లంటే సరిగ్గా ఒక పాత తులం, అంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు. మా నాయనమ్మ చేతి ఉంగరం కూడా తులమేనని చెప్పుకునేవారు. మూడేళ్ల క్రితం డిసెంబరులో నేను ఒక ఎలుగు భుజంలోకి పంపినది అటువంటి తులం తూటానే.

రాకింగ్‌హామ్ కౌంటీ పడమటి కొండల్లో, జార్జ్ వాషింగ్టన్ జాతీయ అడవిలో, పక్కింటి పెద్దాయనా నేనూ ఓక్ చెట్లున్న ఒక గట్టు మీద కూర్చున్నాము. మధ్యాహ్నం మూడు దాటాక, రాలిన ఓక్ కాయలు ఏరుకుంటూ ఒక ఎలుగు కింది నుంచి ఏటవాలుగా నా వైపే నడిచి వచ్చింది. ముప్పై గజాల దూరంలో ఆగి తల ఎత్తింది. దాని రొమ్ము సగం, ఎడమ భుజం సగం నాకు కనిపించాయి. ట్రిగ్గర్ నొక్కాను. ఎలుగు ఒకసారి గుండ్రంగా తిరిగి, తన భుజాన్ని తానే కొరుక్కుని, కాల్మియా పొదల్లోకి దూసుకుపోయింది.

అది నిలబడిన చోట ఎండుటాకు మీద రెండు చుక్కల రక్తం మాత్రమే ఉంది. చలికాలానికి పట్టిన కొవ్వు తూటా రంధ్రాన్ని లోపలి నుంచే మూసేస్తుంది, బయటికి వచ్చిన కొద్దిపాటి నెత్తురును బొచ్చు పీల్చుకుంటుంది. రాత్రి పదకొండు వరకు తలదీపాలతో మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్క ఆకునూ తిప్పి చూశాము. పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, అది నాకు తిట్టుకన్నా బరువుగా తోచింది. మర్నాడు ఎనిమిది గంటలకు, అక్కడికి రెండు వందల గజాల లోపే, ఒక పడిపోయిన మాను కింద ముడుచుకుని చనిపోయి కనిపించింది. దట్టమైన బొచ్చు వేడిని బయటికి పోనివ్వదు కనుక అంత చలిలోనూ ఒక వైపు మాంసం వాసన వేసింది. తోలు తీస్తుంటే తూటా ఎక్కడున్నదో తెలిసింది: భుజపు కీలు దగ్గరే రాగి తొడుగు ఒక చోట, సీసం మరొక చోట విడిపోయి, సన్నని ముక్క ఒకటి మాత్రం ఊపిరితిత్తి అంచును చేరింది. పన్ను పీకి వన్యప్రాణి శాఖవారికి కవరులో పంపితే ఐదేళ్ల వయసని తేలింది.

ఆ రోజు నుంచి నేరమంతా తులం తూటా మీదే మోపుతూ వచ్చాను. తేలిక హాలో పాయింట్ ఎముక తగలగానే విచ్చుకుని ఆగిపోతుంది, గట్టి సీసపు తూటా అయితే విచ్చుకోకుండా కీలును విరగ్గొట్టుకుని లోపలికి పోయేది. ఇది అబద్ధమేమీ కాదు. దుకాణపు కుర్రవాడి మీద కోపం ఇప్పటికీ న్యాయమైనదే.

కానీ భోజనం అయ్యాక కరెంటు బిల్లు కవరు వెనక ఆ ఎలుగు నిలబడిన తీరు గీసి చూశాను. ఎలుగు ఛాతీ కింద బొచ్చు వేలాడుతుంది కాబట్టి కంటికి కనిపించే ఒంటి గీత అసలు ఒంటి గీత కాదు. దాన్ని నమ్మి గురి పెడితే తూటా కిందికి పోతుంది. గుండె, ఊపిరితిత్తులు ముందుకాలి వెనకనే ఒదిగి ఉంటాయి. జంతువు పక్కకు తిరిగి, మనవైపు ముందుకాలు ఒక అడుగు ముందుకు వేసినప్పుడు, ఆ కాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడోవంతు దగ్గర తగలాలి. కొంచెం అవతలికి తిరిగి ఉంటే తూటా అవతలి భుజం వైపు పోయేలా గురి చూడాలి. మన వైపు తిరిగి ఉన్నప్పుడు మాత్రం కీలూ కండలూ అడ్డు. పుర్రె ఏటవాలు కనుక తల జోలికి అసలు పోకూడదు. ఇదంతా ఆ రోజుకే నాకు తెలుసు. పెద్దాయన నాకు పరీక్ష పెట్టి మరీ నేర్పారు.

తెలిసీ ఎందుకు పేల్చాను? అది నా వైపు నడుస్తున్నది కాబట్టి. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల మధ్య పెరిగినవాడికి ఎలుగు ఎదురుగా రావడమంటే ఒకటే అర్థం. మందస వైపు తోటకు పోయి ముఖం చీరించుకుని వచ్చిన మనిషిని చిన్నప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి కట్లు కట్టడం చూశాను. మన ఎలుగు పుట్టలు తవ్వే పొడవాటి గోళ్లతో ముఖం మీదికే వస్తుంది. (అమ్మ ఇప్పటికీ ఫోనులో, జాంబవంతుణ్ణి కొడతావురా అని అడుగుతుంది, మన దేశంలో దాన్ని వేటాడటం నేరమనీ, ఇక్కడిది వేరే జాతి అనీ, లైసెన్సుతోనే వేటనీ ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు ఎలుగు ఎలుగే.) ఇక్కడి నల్ల ఎలుగు ఓక్ కాయల కోసం వచ్చింది, నేను అక్కడున్నట్టు దానికి తెలియను కూడా తెలియదు. పది ఊపిరుల సేపు ఆగి ఉంటే పక్కకు తిరిగేది. అది వంద పౌండ్లు దాటినదో కాదో, వెనక పిల్లలున్నాయో లేవో చూడటానికి కూడా ఆ సమయం కావాలి. ఆ రెండూ ఇక్కడి నియమాలే. నేను వేటగాడిలా కాక ఉద్దానం పిల్లవాడిలా పేల్చాను.

అలాంటప్పుడు 300 గ్రెయిన్ల తూటా ఎందుకు కొన్నట్టు? భయానికి బరువు తోడు చేసుకోవడానికే కాబోలు. కాగితం మీద చూస్తే నా 240కీ, ఈ 300కీ శక్తి దాదాపు 900 అడుగు-పౌండ్ల చుట్టుపక్కలే, తన్ను మాత్రం రెండోదానిదే ఎక్కువ. ఈ ఉదయం పెద్దాయన నాకు తెలియకుండా సిలిండర్‌లో ఒక ఖాళీ గుండు కలిపి ఇచ్చారు. అది వచ్చినప్పుడు టిక్కుమని చప్పుడు మాత్రమే అయింది, అయినా బ్యారెల్ మొన రెండంగుళాలు కిందికి వంగింది. తూటా పేలకముందే చెయ్యి తన్నును ఊహించి జంకుతున్నదన్న మాట. 35 గజాల దగ్గర కాగితపు పళ్లెంలో 300 గ్రెయిన్లవి పన్నెండింటికి ఐదే పడ్డాయి. 240వి పదకొండు పడ్డాయి.

కాబట్టి 240 సాఫ్ట్ పాయింటే తీసుకుపోతాను. 35 గజాలు దాటితే పేల్చను, పక్కకు తిరగకపోతే పేల్చను. తులం తూటా మాత్రం ఎవరిచ్చినా వద్దు, ఆ విషయంలో నా మనసు మారలేదు. మిగిలిన 300 గ్రెయిన్ల తూటాలు పెట్టెన్నరను దుకాణం వెనక్కి తీసుకోదు. పెద్దాయన దగ్గర అదే 44 తూటా పేల్చే లీవర్ రైఫిల్ ఉంది, దానిలో సరిగ్గా నడుస్తాయేమో రేపు అడగాలి.

శ్రీమతి ఇప్పుడే వచ్చి వేలికి పసుపు పట్టు వేసింది. ఇంకా మాట్లాడలేదు. కీబోర్డు మీద అక్షరాలు రెండు పచ్చబడ్డాయి.