సున్నా దగ్గర ఆగిన ముల్లు

ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది. అయినా నా పాత కారు ఫ్యూయల్ గేజీలో ముల్లు మూడు వారాలుగా సున్నా వదలలేదు. గేజీ పోయిందని చూసినవాళ్లంతా తేల్చేశారు. డ్యాష్‌బోర్డు విప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ ప్లాస్టిక్ విరిగితే మళ్లీ దొరకదు.

అందుకే వెనక నుంచి మొదలుపెట్టాను. ట్యాంకు మీది సెండరు (పెట్రోలు మట్టాన్ని గేజీకి తెలిపే పరికరం) నుంచి తీగ ఊడదీసి, దానికి మరో పొడవాటి తీగ కలిపి, పెట్రోలు ఆవిరికి దూరంగా తెచ్చి, ఇగ్నిషన్ వేసి కొసను క్షణంపాటు బాడీకి తాకించాను. ముల్లు నిదానంగా పైకి లేచింది! (కొన్ని కార్లలో ఇది తలకిందులుగా ఉంటుంది.) అంటే గేజీ, తీగ రెండూ బాగున్నట్టే.

బ్యాటరీ తీసేసి సెండరు బయటికి తీశాను. దాని ఊగే కడ్డీని పైకి ఎత్తుతుంటే మల్టీమీటరులో నిరోధం 240 ఓమ్‌ల నుంచి 30 దాకా ఎక్కడా తెగకుండా దిగింది. ఎర్త్ కూడా సరిగానే ఉంది. ఇక మిగిలింది కడ్డీ కొసన పెట్రోలు మీద తేలే ఇత్తడి ఫ్లోటు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల పెట్రోలు కదులుతున్న చప్పుడు! తేలాల్సింది మునిగిపోయిందన్నమాట. వేడి నీళ్లలో ముంచితే అతుకు దగ్గర వెంట్రుకంత పగులు నుంచి బుడగలు వరసకట్టాయి.

దానికి టంకం వేయలేదు. లోపల పెట్రోలు ఆవిరి ఉండగా వేడి తగిలితే పేలుతుంది. కొత్త ఫ్లోటు బిగించాను.

సాయంత్రం తాళం తిప్పితే ముల్లు సగం గీత దాటి నిలబడింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.