లారింగాలజీ ఫెలోషిప్ ఇంటర్వ్యూ: ముందు వీడియో చదవడం నేర్చుకోండి

ఎం.ఎస్. లేదా డీఎన్‌బీ ఈఎన్‌టీ అయ్యాక గొంతు, స్వరం వైపు వెళ్లాలనుకునేవాళ్లు ప్రిపరేషన్ టైమంతా థియరీ మీదే పెడతారు. ఇంటర్వ్యూలో లాప్‌టాప్ ఇటు తిప్పి స్ట్రోబోస్కోపీ (వెలిగి ఆరే లైటుతో స్వరతంత్రుల కంపనాన్ని చూపే పరీక్ష) వీడియో చూపించి "ఏం కనిపిస్తోంది?" అని అడిగితే, "లెఫ్ట్ వోకల్ కార్డ్ సిస్ట్ సార్" అని (అంటే ఎడమ స్వరతంత్రిలో తిత్తి) నేరుగా డయాగ్నసిస్ చెప్పేస్తారు. "సరే, వేవ్ ఎలా ఉంది?" అని కార్డ్ పైపొర మీద కదిలే అల గురించి అడగగానే ఇరుక్కుపోతారు.

ముందు కళ్లు మూసుకుని గొంతు వినండి. గొంతును విని అంచనా వేసే జీఆర్‌బీఏఎస్ స్కేల్‌లో ఐదు అంశాలకూ 0 నుంచి 3 వరకు మార్కులు వేయండి. తర్వాత కార్డ్స్ కదలిక, గ్లాటిస్ (కార్డ్స్ మధ్య సందు) మూసుకునే ఆకారం, రెండు వైపులా ఆంప్లిట్యూడ్ (కంపించే వెడల్పు), మ్యూకోసల్ వేవ్ (పైన చెప్పిన అల), సిమెట్రీ, అసలు కంపించని భాగం ఉందా, పైన ఫాల్స్ కార్డ్స్ (అసలు కార్డ్స్‌కి పైనుండే మడతలు) బిగుస్తున్నాయా అన్నవి చూడండి. డయాగ్నసిస్ ఆఖర్న. నాడ్యూల్స్ (కార్డ్స్ అంచున వచ్చే చిన్న బొడిపెలు) సాధారణంగా రెండు వైపులా ముందు, మధ్య మూడో వంతులు కలిసేచోట ఉంటాయి, క్లోజర్ ఇసుక గడియారంలా కనిపిస్తుంది, వేవ్ చాలావరకు మిగిలే ఉంటుంది. సిస్ట్ మీద వేవ్ తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. వాయిస్ థెరపీతో మొదలుపెట్టాలా, సర్జరీకి వెళ్లాలా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. స్ట్రోబ్‌లో కనిపించేది నిజమైన స్లో మోషన్ కాదు. గొంతు ఫ్రీక్వెన్సీకి ఒకటి రెండు హెర్ట్జ్ తేడాతో లైటు వెలుగుతూ ఎన్నో సైకిల్స్ నుంచి ముక్కలు ఏరి అతికిస్తుంది. గొంతు బాగా గరగరలాడుతూ పీరియాడిక్‌గా లేకపోతే మెషీన్ ఆ ఫ్రీక్వెన్సీని పట్టుకోలేదు. అప్పుడు "వేవ్ లేదు" అనకండి, "అంచనా వేయడానికి వీల్లేదు" అనండి.

మ్యాక్సిమమ్ ఫోనేషన్ టైమ్ (ఒకే ఊపిరిలో స్వరం సాగదీయగలిగే సమయం) 10 సెకన్ల లోపు వచ్చినా, ఎస్-జెడ్ నిష్పత్తి ("స్" సాగదీసిన సమయాన్ని "జెడ్" ధ్వని సాగదీసిన సమయంతో భాగిస్తే వచ్చేది) 1.4 దాటినా గ్లాటిస్ సరిగ్గా మూసుకోవడం లేదని అనుమానించాలి. మన పేషెంట్లతో ఇక్కడ చిక్కే: జెడ్ అనమంటే చాలామంది "జ" అంటారు, అది సాగదు. తుమ్మెద ఝుంకారంలా చేసి చూపించి, మూడుసార్లు చేయించి, పెద్ద అంకె రాయండి.

ఒకవైపు కార్డ్ పెరాలిసిస్ (కార్డ్ కదలకుండా పోవడం) గురించి దాదాపు ఖాయంగా అడుగుతారు. థైరాయిడ్ ఆపరేషన్ లాంటి స్పష్టమైన కారణం లేకపోతే స్కల్ బేస్ (పుర్రె అడుగు) నుంచి ఛాతీ పైభాగం దాకా సీటీ తీయాలి. కార్డ్‌ను కదిలించే ఎడమ నరం ఛాతీలో అయార్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) కింద తిరిగి వస్తుంది కాబట్టి మెడ దగ్గరే ఆగితే ఛాతీలోని గడ్డ తప్పిపోతుంది. నరం కోలుకునే అవకాశముంటే శాశ్వత సర్జరీకి 6 నుంచి 12 నెలలు ఆగుతారు. ఈలోపు పొలమారుతుంటే కరిగిపోయే పదార్థంతో కార్డ్‌లోకి ఇంజెక్షన్ చేస్తారు. ఇషికి టైప్ 1 థైరోప్లాస్టీలో (థైరాయిడ్ కార్టిలేజ్‌లో కిటికీ తెరిచి ఇంప్లాంట్‌తో కార్డ్‌ను మధ్యకు నెట్టే సర్జరీ) కిటికీ ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. కార్టిలేజ్ కింది అంచున సుమారు 3 మి.మీ. పట్టీ వదలాలి. కిటికీ పైకి జరిగితే ఇంప్లాంట్ కార్డ్‌ను కాకుండా వెంట్రికల్‌నో (అసలు, ఫాల్స్ కార్డ్స్ మధ్య ఉండే గుంట) ఫాల్స్ కార్డ్‌నో నెడుతుంది, గొంతు బాగుపడదు.

చేతి ప్రాక్టీసుకి మటన్ షాపులో దొరికే మేక స్వరపేటిక చాలు. తాజాగా వాడండి, ఫార్మలిన్‌లో వేస్తే పొరలు గట్టిపడి మైక్రోఫ్లాప్ (కార్డ్ పైపొరను సన్నగా ఎత్తడం) లేవదు. చెక్కకు పిన్నులతో బిగించి, దాని ఎదురుగా అంగుళం వెడల్పు, 17 సెం.మీ. పొడవున్న పీవీసీ పైపు ముక్క పెట్టి, ఆ పైపు గుండానే పొడవాటి ఇన్‌స్ట్రుమెంట్లు నడపండి. మైక్రోస్కోప్‌కి 400 మి.మీ. లెన్స్ కావాలి. చెవి సర్జరీకి వాడే చిన్న లెన్స్‌తో చేస్తే ఇన్‌స్ట్రుమెంట్లు తిప్పడానికి చోటుండదు.

సెంటర్ ఎంచుకునేటప్పుడు స్టైపెండ్ కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. స్పీచ్ పాథాలజిస్ట్ అదే ఓపీలో కూర్చుంటారా? ఫెలో స్వయంగా చేసిన కేసులు లాగ్‌బుక్‌లో విడిగా రాస్తారా? లోకల్ అనస్థీషియాలో ఓపీలోనే ప్రొసీజర్లు జరుగుతాయా? స్వరం వైపు అనుభవం తక్కువనిపిస్తే మైసూరు ఐష్ (ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) లాంటి చోట థెరపీ సెషన్లు గమనించడానికి అనుమతి అడగండి, అసోసియేషన్ ఆఫ్ ఫోనోసర్జన్స్ ఆఫ్ ఇండియా సదస్సులో కేస్ పేపర్ పెట్టండి. వారం రోజుల అబ్జర్వర్‌షిప్‌ను మాత్రం సీవీలో ఫెలోషిప్ అని రాయకండి, రెండో ప్రశ్నకే బయటపడుతుంది.