ముక్కు దారిన మెదడు ఆపరేషన్: ఇన్సూరెన్స్ కౌంటరు ముందు నా రెండు రోజులు

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి నేటికి పన్నెండు రోజులైంది. ముక్కు దిబ్బడ ఇంకా తగ్గలేదు, వంగి బరువులెత్తవద్దన్నారు. అయినా కోపం చల్లారకముందే ఇది రాయాలని కూర్చున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. బోర్డు రెండు చివర్లా రాసిన అంకెలు కనబడక కళ్ళజోడు మార్చినా ఫలితం లేకపోయింది. కంటి డాక్టరు చూపు ఎంత విస్తారంగా ఉందో కొలిచే పెరిమెట్రీ పరీక్ష చేసి, రెండు కళ్ళకూ బయటివైపు చూపు తగ్గిందని చెప్పి ఎమ్మారై తీయించమన్నారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో పెరిగిన 2.4 సెంటీమీటర్ల కణితి, పైనున్న కంటి నరాల కూడలిని ఒత్తుతోందని తేలింది. అది ప్రొలాక్టిన్ అనే హార్మోను స్రవించే రకమైతే మాత్రలతోనే కుంచించుకుపోయేదట. నాది ఆ రకం కాదు.

హైదరాబాదులో, పుర్రె అడుగుభాగపు శస్త్రచికిత్సలే ప్రత్యేకంగా చేసే న్యూరోసర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తల కోయకుండా, ముక్కులోంచి 4 మిల్లీమీటర్ల ఎండోస్కోపు పంపి, ముక్కు వెనక ఉండే స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గది గుండా కణితిని చేరుకుంటామని, ఈఎన్‌టీ సర్జన్ కూడా పక్కనే ఉంటారని చెప్పారు.

అసలు కథ ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటరు దగ్గర మొదలైంది. చేతికి క్యాన్యులాతో వార్డులో ఉన్న నన్ను కిందికి పిలిపించి, "ముక్కు ఆపరేషన్ పేషెంటు మీరేనా?" అని అందరికీ వినబడేలా అడిగి, క్యాష్‌లెస్ (బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి బిల్లు కట్టడం) తిరస్కరించారన్నారు. సైనస్, ముక్కు ఆపరేషన్లకు నా పాలసీలో 24 నెలల వెయిటింగ్ పీరియడ్, అంటే అప్పటిదాకా బీమా వర్తించని గడువు, ఉందట, నాకు పదహారు నెలలే నిండాయట. "అంత అర్జెంటేముంది సార్, ఎనిమిది నెలలాగి రండి" అన్నాడు కౌంటరులోని కుర్రవాడు. తీసివేత మాత్రం సరిగ్గానే చేశాడు. చూపు పోతోందని చెప్పబోతే, సాయంత్రంలోగా మూడు లక్షలు కట్టండి, లేదా బెడ్ ఖాళీ చేయండి అన్నాడు. పక్కనున్న మా ఆవిడ మాట్లాడకుండా చేతి గాజుల వైపు చూసుకుంది. ఆ చూపును నేను మరచిపోలేను.

క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోగా నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే ఆదేశించింది. తిరస్కరణ ఆ గంటలోనే వచ్చింది, సరిదిద్దడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. చివరకు పట్టుబట్టి ప్రీ ఆథరైజేషన్ ఫారం, అంటే ముందస్తు అనుమతి కోసం బీమా కంపెనీకి పంపినది, తెప్పించి చూస్తే, చికిత్స పేరు దగ్గర 'ఎండోస్కోపిక్ నాసల్ సర్జరీ' అని ఉంది. కణితి మాట ఎక్కడా లేదు. రాసింది బీమా కంపెనీ కాదు, ఆ కౌంటరువారే. జవాబు పత్రంలో ఒక్క మైనస్ గుర్తును కూడా తప్పిపోనివ్వని నేను ఆ ఫారం మీద చదవకుండా సంతకం చేశాను. మీరు మాత్రం ప్రతి గడీ చదివి, రోగం పేరు, దాని కోడు ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి. కౌంటరువారి చిరునవ్వును నమ్మవద్దు. డాక్టరు రెండు ఆపరేషన్ల మధ్య నిలబడే, ముక్కు కేవలం దారేనని, రోగం పిట్యూటరీ కణితి అని, దాని కోడు డి35.2 అని ఐదు వాక్యాల ఉత్తరం రాసిచ్చారు. మర్నాడు అనుమతి వచ్చింది, క్షమాపణ రాలేదు.

ఆపరేషన్ నాలుగు గంటల్లో ముగిసింది. గంటగంటకూ మూత్రం కొలిచారు. ముక్కు చీదవద్దని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమని చెప్పారు. మర్నాడు తల తిప్పకుండానే ఎడమవైపు సెలైన్ స్టాండు, కుడివైపు మా ఆవిడ ఒకేసారి కనిపించారు.

డిశ్చార్జి రోజున తిరిగి ఇచ్చిన ఫైలు అట్ట మీద ఇంకా 'నాసల్ సర్జరీ' అనే ఉంది. కౌంటరు ముందే నిలబడి, జేబులోని ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టివేసి తెచ్చుకున్నాను.