పాత బంకు పక్కన మా బోరు

ఉప్పల్ వైపు మా ఇంటి పక్క స్థలంలో ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేది. మూతపడి చాలా ఏళ్లయింది. ఈ వేసవిలో బోరు నీళ్లతో అంట్లు తోముతూ అమ్మ, "కిరోసిన్ వాసన వస్తోందిరా" అంది. నాకు రాలేదు. నాలుగు రోజులకు తనకూ రాలేదు. వదిలేసేవాణ్ణేమో గానీ, కింది గదిలో మా పాప పడుకుంటుంది.

అందుకే నేల, నీళ్లలో కాలుష్యం పరీక్షించే కన్సల్టెంట్ మేడమ్‌ను పిలిచాం. ఆవిడ వస్తూనే బంకు ట్యాంకులు ఎక్కడుండేవని అడిగారు. మాకెవరికీ తెలియదు. ఆ బంకులో పనిచేసిన వాచ్‌మన్ తాతను వెతికి తీసుకొచ్చాం. ఆయన కర్రతో నేలమీద గీసి చూపించాడు. మూడు ట్యాంకులూ మా ప్రహరీ వైపే! "ట్యాంకులు తీశారు గానీ మట్టి తియ్యలేదు బాబూ" అన్నాడు. బంకు 2000కు ముందుది, అప్పటి పెట్రోల్లో సీసం కలిపేవారు కాబట్టి మేడమ్ మట్టికి ఆ పరీక్ష కూడా రాశారు.

నీళ్లు పట్టింది 40 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో. లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదట. ఉంటే పెట్రోల్లో ఉండే బెంజీన్ అనే రసాయనం ఆ గాలిలోకి పోయి రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. నింపిన వెంటనే ఐసులో పెట్టారు. నేనైతే ప్లాస్టిక్ బాటిల్లో పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ణి.

తాగేనీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. మా బోరులో దానికి మూడింతలు వచ్చింది. రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. టెన్షన్‌తో "ఇప్పుడు వాసనేమీ లేదు కదా మేడమ్" అన్నాను. మన ముక్కుకో నాలుకకో తెలిసేసరికి అది పరిమితికి ఎన్నో రెట్లు దాటి ఉంటుందన్నారు.

తర్వాత ఆ నీళ్లు దేనికి వాడుతున్నారో అడిగారు. తాగేది నల్లా నీళ్లే, స్నానానికి మాత్రం బోరు. వేడి నీళ్లలోంచి బెంజీన్ ఆవిరై, తలుపేసిన బాత్రూంలో ఊపిరితో లోపలికి పోతుందని అప్పుడే తెలిసింది. నేలలోంచి కూడా ఆవిరి గదిలోకి రావచ్చని, పాప గదిలో గచ్చుకు సన్నటి రంధ్రం చేసి కింది గాలి తీశారు. అది బాగానే ఉందని తేలిన రాత్రి మా ఆవిడ కంటినిండా నిద్రపోయింది.

ఇక్కడ కిందంతా గ్రానైటు. పగుళ్ల వెంట నీళ్లు ఎటు పోతాయో చెప్పడం కష్టం. అందుకే వీధిలో మిగతా బోర్లూ చూడాలన్నారు. ఇళ్ల ధర పడిపోతుందని ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్లిళ్లలోనూ పిల్లలున్నారు. రిపోర్టు పట్టుకెళ్లి కూర్చుని చదివి వినిపించాను. ఒకాయన సరేనన్నారు, రెండో ఆయన ఇంటికి మళ్లీ వెళ్తాను.

మా మోటారు ఆపేశాం. వానలకు నీటిమట్టం పెరిగితే మట్టిలో పట్టుకున్న పెట్రోలు మళ్లీ కదలొచ్చట. అక్టోబరులో ఇంకోసారి సీసాలు నింపాలి.