రొట్టె తుంచితేనే భోజనం

చైనాలోని షియాన్‌లో డ్రమ్ టవర్ కింది నుంచి అవతలికి నడిస్తే హుయీ ముస్లింల వీధులు. ఈ ఊరికి పూర్వం చాంగాన్ అని పేరు. సిల్క్ రోడ్ మీదుగా వచ్చిన ముస్లిం వర్తకులు కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. అందుకే చైనాలో అంతటా కనబడే పంది మాంసం ఈ వీధుల్లో కనబడదు. జీలకర్ర, కారం చల్లి కాలుస్తున్న మటన్ పుల్లల పొగ మాత్రం దారంతా కమ్మేసింది. మా ఆయన అక్కడే ఆగిపోబోతే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. మేం వచ్చింది పావ్‌మో కోసం, అంటే మటన్ పులుసులో రొట్టె ముక్కలు వేసి ఉడికించే వంటకం.

బల్ల దగ్గర కూర్చోగానే ఖాళీ గిన్నెలు, రాయిలాంటి రొట్టెలు తెచ్చి పెట్టి వెళ్ళిపోయారు. ఆ రొట్టెను మనమే తుంచాలి. ముక్క తేనెటీగ తలంతే ఉండాలని అక్కడివాళ్ళ లెక్క. రొట్టె సగమే కాలి గట్టిగా ఉంటుంది కాబట్టి ముక్క పెద్దదైతే పులుసు లోపలిదాకా పట్టదు. మా ఆయన గబగబా తుంచి గిన్నె ముందుకు తోశారు. వడ్డించే అమ్మాయి అందులోకి తొంగి చూసి, నవ్వి, గిన్నె వెనక్కి జరిపింది! పక్క బల్ల పెద్దాయన ఫోన్లో ఏదో చూస్తూనే గోళ్ళతో గిల్లుతున్నాడు, ముక్కలన్నీ ఒకే సైజు. అరగంట పైనే పట్టింది మాకు. వేళ్ళు నొప్పెట్టాయి, ఆకలి మాత్రం రెట్టింపయింది.

ఎవరు తుంచినది వాళ్ళకే రావాలని గిన్నెకు నంబరు బిళ్ళ పెట్టి వంటింట్లోకి తీసుకెళ్ళారు. మటన్ పులుసులో ఉడికి, సన్నటి సేమ్యా, మాంసం ముక్కలతో తిరిగొచ్చింది. కలపకుండా అంచు నుంచి తినాలట, వేడి పోకుండా. నంజుకోవడానికి తియ్యగా ఊరిన వెల్లుల్లి. కారం చాల్లేదు, ఎర్ర ముద్ద ఇంకో చెంచా వేసుకున్నాం.

తర్వాత అదే వీధిలో గావ్ వంశం వారి పాత మండువా ఇంట్లో తోలుబొమ్మలాట చూశాం. మన ఆంధ్రలోని నిమ్మలకుంట బొమ్మలు మేకతోలువి, మనిషెత్తు దాకా ఉంటాయి. ఇక్కడివి ఆవుతోలువి, జానెడు పైన ఉంటాయేమో, కానీ చెక్కడం ఎంత సన్నమో! వేళ్ళ కణుపులు కూడా కదిలినట్టే అనిపించింది. ఆట కాసేపే. పాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా గుర్రం మీది వీరుడు ఓడిపోతున్నాడని తెలిసిపోయింది.

బయటికొచ్చాక మా ఆయన మటన్ పుల్లల దగ్గరికే నడిచారు. ఈసారి నేను ఆపలేదు.